పాల సొసైటీలో దొంగ విండోస్

చింతమాకులపల్లె,
6 ఏప్రిల్ 2025.

చిరంజీవి మహితకు,

ఉత్తరం చూసి ఎవరో పోయారని గాబరా పడకు. అందరం ఉన్నాం. పోయేలా ఉన్నది మా సొసైటీ కంప్యూటరు ఒక్కటే.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నువ్వేమో శ్రీ సిటీ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఫోన్ అప్పజెప్పి లోపలికి పోతావు. బయటికొచ్చి చేసే వేళకు నేను పాల కేంద్రంలో ఉంటాను. అక్కడ ఫోన్ ఎత్తితే చాలు, "స్పీకర్ పెట్టక్కా, మేమూ ఇంటాం" అని మహిళా పాల సొసైటీ మొత్తం చెవులు రిక్కిస్తుంది. పైగా పాకాల హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. వాక్యం రాస్తే గానీ నాకు ఆలోచన రాదు.

సంగతి విను. మా కేంద్రంలో పాలు పరీక్షించే మిషను ఉంది కదా, అది వెన్న శాతం కనిపెట్టి కంప్యూటరుకు పంపుతుంది. కంప్యూటరు చీటీ కొడుతుంది. మిషనుకు సొంతంగా ఒక చిన్న అద్దం ఉండేది, అంకె అందులోనూ కనపడేది. ఒకసారి పాల క్యాను తగిలి అది పగిలిపోయింది. అప్పటి నుంచి అంకె చూసేది మా మరిది మునిప్రసాద్ ఒక్కడే. సెక్రటరీ కదా, కంప్యూటరు తెర అతని వైపు తిరిగి ఉంటుంది.

ఎండలు మొదలైనప్పటి నుంచి అందరి వెన్నా తగ్గుతూ వస్తోంది. ఆదిలక్ష్మమ్మ నిన్న చీటీ చూసి గొంతెత్తింది. "నా ఆవు గడ్డి తింటాదా, నీ కంప్యూటరు నా వెన్న తింటాదా? తేల్చి చెప్పు మునిప్రసాదూ!" అంది. అందరూ నవ్వారు గానీ, ఇంటికి పోతూ ఒక్కరూ నవ్వలేదు.

కంప్యూటరు ముసలిదైంది కాబట్టి కొత్తది కొనాలని తీర్మానించాం. లోపల ఏది ఉండాలన్న దగ్గరే గొడవ. మునిప్రసాద్ విండోసే అంటాడు. తిరుపతిలో ఎవరింట్లోనో మ్యాక్ చూసొచ్చిన ఒకామె అదే కావాలంటుంది. పోయినసారి వచ్చినప్పుడు నువ్వు లినక్స్ అని ఏదో చెప్పి మా అందరి నిద్ర చెడగొట్టావు. అందుకని నువ్వే తీర్పు రాయి. చూడ్డానికి ఎలా ఉంటాయి, పని ఎలా చేస్తాయి, ఆడవాళ్లం దేన్ని నమ్మొచ్చు? మీటింగులో చదివి వినిపిస్తాను.

ఊరగాయ అయిపోయిందా?

నీ మేనత్త,
సిద్ధమ్మ.

*

శ్రీ సిటీ,
13 ఏప్రిల్ 2025.

అత్తా,

నీ ఉత్తరాన్ని మా హాస్టల్ వార్డెన్ కోర్టు నోటీసు అందించినట్టు అందించింది. ఊరగాయ ఎప్పుడో అయిపోయింది. నాది కాదు, నా రూమ్మేట్ రూపశ్రీది తప్పు.

ఇక తీర్పు.

అందం అంటే మ్యాకే, అందులో వాదన లేదు. తెలుగు అక్షరాలు కూడా అందులో ఇస్త్రీ చేసిన చొక్కాలా నిలబడతాయి. కానీ దానికి దాని సొంత ఇంటి సామాను తప్ప వేరేది నచ్చదు. మీ పాల మిషను కేబుల్‌ను దానికి చూపిస్తే మొహం తిప్పుకుంటుంది. రూపశ్రీకి ఒకటుంది. దాన్ని ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి. నాకు ఆ అలవాటు లేదు.

పని అంటే విండోస్. ఎక్కడ చూసినా అదే, ఏ సాఫ్ట్‌వేర్ అయినా దానికోసమే ముందు తయారవుతుంది. రూపం మాత్రం కల్యాణ మండపంలాంటిది, ఒక్కో సంవత్సరం ఒక్కో రంగు వేస్తారు, కుర్చీలు పాతవే. పని మధ్యలో "కొంచెం ఆగండి, నన్ను నేను సర్దుకుంటున్నాను" అంటుంది. ఆగక తప్పదు.

నమ్మకం అంటే మాత్రం లినక్స్ అత్తా. మిగతా రెండూ వంటగది తలుపు మూసి వడ్డించే హోటళ్లు. లినక్స్‌కు తలుపే లేదు. ఎవరైనా లోపలికి పోయి పప్పులో ఏం వేశారో చూడొచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. అందగత్తె కాదు, కొంచెం మొండి కూడా. కానీ దొంగతనం చేయదు.

అసలు మీ సంగతి చెప్పనా? పోయినసారి చూశాను. మీ కంప్యూటర్లో ఉన్నది దొంగది. ఇన్నాళ్లూ దాన్ని నమ్ముకుని లెక్కలు చేయడమే తప్పు. ముందు దాన్ని బయటికి పంపండి, తర్వాత మిగతా విషయాలు.

మునిప్రసాద్ మామను అడిగానని చెప్పు.

నీ మేనకోడలు,
మహిత.

*

చింతమాకులపల్లె,
21 ఏప్రిల్ 2025.

మహితా,

నువ్వు మామూలుదానివి కాదు. ఒక్కసారి చూసి ఎలా కనిపెట్టావే?

నీ ఉత్తరం మీటింగులో చదివాను. నీకు తెలుసు కదా నా చదువు, విరుపులతో, రాగంతో. మ్యాక్ దగ్గర నవ్వారు. కల్యాణ మండపం దగ్గర ఒకామెకు పొరబోయింది. హోటల్ పోలిక చదివి ఆగి, "వంటగదిలోకి తొంగి చూడొచ్చు సరే, చూస్తే మనకు ఆ వంట అర్థమవుతుందా?" అని నా వ్యాఖ్యానం కూడా జోడించాను. తర్వాత ఆఖరు పేరా. "మీ కంప్యూటర్లో ఉన్నది దొంగది. దాన్ని నమ్ముకుని లెక్కలు చేయడమే తప్పు."

నవ్వుతున్నవాళ్లంతా మునిప్రసాద్ వైపు తిరిగారు.

"దొంగది అంటే?" అంది ఆదిలక్ష్మమ్మ.

"దొంగది అంటే దొంగదే" అన్నాను. జీవితమంతా పర్యాయపదాలు నేర్పినదాన్ని, ఆ సమయానికి ఒక్కటీ తోచలేదు.

మునిప్రసాద్ లేచి నిలబడ్డాడు. "వదినా, ఆ మాట ఇంగోసారి సదువు."

చదివాను. చదవకుండా ఉండాల్సింది.

"ఇన్నాళ్లూ కోడి కూయకముందే లేసి మీ పాలు పట్టుకున్నాను. వానొచ్చినా, ఇంట్లో సావొచ్చినా కేంద్రం మూసింది లేదు. నన్ను దొంగంటారా?" అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ కంప్యూటరు ఆపేశాడు. దాని పాస్‌వర్డ్ అతనికొక్కడికే తెలుసు. మేం అతని భార్య పేరు, పిల్లల పేర్లు, వెంకటేశ్వరస్వామి పేర్లన్నీ కొట్టి చూశాం. ఏదీ ఒప్పుకోలేదు.

నాకు మనసులో గుచ్చుకుంటోంది. అతను అలాంటివాడని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ నువ్వు చదువుకున్నదానివి, కళ్లారా చూసి రాశావు. రుజువేమిటో వివరంగా రాయి. ఊరంతా అడుగుతోంది.

సిద్ధమ్మ.

*

శ్రీ సిటీ,
25 ఏప్రిల్ 2025.

అత్తా! అయ్యో అత్తా!

దొంగది అంటే మామ కాదు! విండోస్! డబ్బు కట్టి కొన్న విండోస్ కాదు అది, ఎవరో దొంగతనంగా కాపీ కొట్టి వేసిన విండోస్. కంప్యూటరు అమ్మిన షాపువాడు వేసుంటాడు, మామకు ఆ సంగతే తెలిసుండదు. దేశంలో సగం కంప్యూటర్లలో అదే ఉంటుంది. వెన్నకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అలాంటి కాపీల్లో వైరస్‌లు దూరతాయి, లెక్కలు పోతాయి, అందుకని నమ్మొద్దన్నాను. అంతే!

ఈ ఉత్తరం అందగానే అందరినీ పిలిచి చదువు. రాగం వద్దు.

ఫోన్ ఎన్నిసార్లు చేసినా నువ్వు ఎత్తడం లేదు. ఒకసారి ఎవరో ఎత్తి, "దొంగను పట్టిచ్చిన పాప నువ్వేనా?" అని పెట్టేశారు. నాకు అన్నం దిగడం లేదు.

మహిత.

*

చింతమాకులపల్లె,
3 మే 2025.

మహితా,

చదివాను. రాగం లేకుండానే. ఫలితం లేదు.

"మొదుట దొంగ అనింది, ఇప్పుడు కాదంటాండాది. మునిప్రసాదు ఆ పాపకు మామ వరస గదా, సొంతోడని కప్పిపెడ్తాండాది" అంది ఆదిలక్ష్మమ్మ. విండోస్‌ను కూడా దొంగిలించవచ్చని వాళ్లకు నచ్చజెప్పబోయాను. "కిటికీని ఎవురన్నా ఎత్తకపోతారా?" అన్నారు. నేను ఓడిపోయాను.

ఇక్కడ అసలు కష్టం విను. మిషను అంకె చూసే దారి లేదు. అందుకని అందరికీ ఒకే వెన్న శాతం లెక్కగట్టి పాలు పోయించుకున్నాం. అందరూ సమానమే అనేసరికి మావాళ్లకు సమానత్వం మీద గొప్ప భక్తి పుట్టుకొచ్చింది. రోజురోజుకూ పాలు తేటపడ్డాయి. మొన్న క్యానులోకి తొంగి చూస్తే నా మొహం కనపడింది. మా పాలు తీసుకుని చల్లబరిచే చిల్లింగ్ సెంటర్ వాళ్లు మా క్యాన్లన్నీ వెనక్కి పంపేశారు. "పాలున్నప్పుడు పంపండమ్మా" అని కబురు కూడా చేశారు.

ఇంతలో ఏదో ప్రైవేటు పాల వ్యాను మన వీధి చివర నిలబడుతోంది. కొందరు అటు పోతున్నారు. ఈ సొసైటీ ఆడవాళ్ల చేత్తో లేచింది మహితా. నా వల్ల, నా రాగం వల్ల పడిపోతుందేమోనని భయంగా ఉంది.

మునిప్రసాద్ ఇంట్లోంచి బయటికి రావడం లేదు. ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నాడు. అతన్ని కాణిపాకం తీసుకెళ్లి వినాయకుడి ముందు ప్రమాణం చేయించాలని ఆదిలక్ష్మమ్మ జట్టు పట్టుబడుతోంది. కొందరైతే కంప్యూటరును కూడా తీసుకుపోదామంటున్నారు. ప్రమాణానికి ముందు దానికి తలస్నానం ఎలా చేయించాలో ఎవరికీ తెలియక ఆగారు.

నువ్వు రా. ఆ మూడింటినీ తెచ్చి చూపించు. కొత్తది వస్తే పాత గొడవ చల్లారుతుందేమో.

అత్త.

*

శ్రీ సిటీ,
19 మే 2025.

అత్తా,

మీ ఊరొచ్చి, నీకు చెప్పకుండా తిరిగి బయల్దేరానని కోపంగా ఉన్నావని తెలుసు. ఇంకాసేపు ఉంటే అందరి ముందూ ఏడ్చేదాన్ని. ఏడుపు పాకాల ప్లాట్‌ఫారం మీదికి దాచుకున్నాను. అక్కడ ఒకాయన జాలిపడి నాకు జామకాయ ఇచ్చాడు.

ఏం సాధించాను? రూపశ్రీ కాళ్లు పట్టుకుని మ్యాక్ తెచ్చాను. అందరూ దాన్ని పెళ్లికూతుర్ని చూసినట్టు చూశారు. ఆదిలక్ష్మమ్మ తెర మీద వేలితో రుద్ది "అబ్బ, ఎంత నునుపు!" అంది. ఆ వేలికున్న వెన్న ఇంకా పోలేదు, రూపశ్రీ నాతో మాట్లాడడం మానేసింది. తీరా చూస్తే పాల మిషను కేబుల్ పెట్టడానికి దానికి రంధ్రమే లేదు.

తర్వాత నా ముద్దుల లినక్స్. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మీ పాత కంప్యూటరుకే పెట్టాను. తెర వెలిగింది. నేను గర్వంగా నిలబడ్డాను. పాల సాఫ్ట్‌వేర్ అందులో తెరుచుకోలేదు. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌కే చేశారు. ఆ సంగతి నేను రాకముందే కనుక్కోవాల్సింది. పోనీ లోపల పాత లెక్కలైనా చూపిద్దామని తెరిస్తే అన్నీ కనపడ్డాయి. మామ అంకెలు మార్చలేదని చెప్పబోతుంటే ఆదిలక్ష్మమ్మ చెయ్యడ్డం పెట్టింది.

"ఉండుమ్మే. పాస్‌వర్డు మునిప్రసాదు దగ్గర గదా ఉండేది. ఇది లోపలికెట్ల దూరింది?"

"లినక్స్‌కు ఆ పాస్‌వర్డ్‌తో పని లేదు" అన్నాను.

"అంటే తాళం లేకుండా ఇంట్లో దూరతాదా? ఇదే నమ్మకమైందని నువ్వు రాసినావు! ఇది దొంగలకే దొంగమ్మే!"

మ్యాక్ చంకన పెట్టుకుని బయటికి వచ్చేశాను అత్తా. తాళం సరిగా వేయనిది కంప్యూటర్లో లెక్కలు దాచే మీ డిస్కుకే, లినక్స్ తప్పు కాదు. కానీ ఈ మాట అక్కడ చెప్పి ఉంటే "తాళమెయ్యనోడు మునిప్రసాదే గదా" అనేవారు.

సాయంత్రం మామ ఇంటికి వెళ్లాను. అది నీకు చెప్పలేదు. మంచం వాల్చి కూర్చోబెట్టాడు. మజ్జిగ ఇచ్చాడు. నేను తాగడం అయ్యాక, "నేను నిన్నెత్తుకోని తిరిగినాను పాపా. ఆ మాట రాసేటప్పుడు ఒక్కసారి నా మొకం గుర్తుకు రాలేదా?" అన్నాడు. మిమ్మల్ని అనలేదు మామా, విండోస్‌ను అన్నాను అని చెప్పాను. "నాకు తెలుసు. నువ్వు రెండో ఉత్తరం రాయకముందే తెలుసు. నిన్నేమీ అనను. ఊర్లోవాళ్లకే తెలీలేదు. అదే నాకు ఏదో మాదిరిగా ఉండాది" అన్నాడు.

కంప్యూటర్ల గురించి ఇక నన్ను అడగొద్దు. నాకు మనుషులే అర్థం కావడం లేదు.

మహిత.

*

చింతమాకులపల్లె,
29 మే 2025.

మహితా,

ఏడుపు ఆపి కూర్చో. చెప్పాల్సింది చాలా ఉంది.

కాణిపాకం వెళ్లొచ్చాం. నేను వద్దన్నాను, కానీ మునిప్రసాదే కబురు పంపాడు: "వస్తాను, అందరూ రండి." ఒక వ్యాను మాట్లాడుకున్నాం. దారి పొడుగునా ఎవరూ నోరు విప్పలేదు. ఇంతమంది ఆడవాళ్లు ఒక వ్యానులో అంత నిశ్శబ్దంగా కూర్చోవడం డ్రైవరు ఎన్నడూ చూడలేదట. "ఎవురన్నా పోయినారామ్మా?" అని అడిగాడు.

మునిప్రసాద్ తలస్నానం చేసి తడిబట్టలతో వచ్చి నిలబడ్డాడు. ఆదిలక్ష్మమ్మ ముందు వరసలో, చేతులు కట్టుకుని, జడ్జిలా.

"సరే" అన్నాడతను. "మీ వెన్న అంకె ఒక్కటన్నా నేను మార్సలేదని స్వామి ఎదురుగా ప్రమాణం చేస్తాను. నేను చేసినాక, మీరూ ఒకరి తర్వాత ఒకరు రండి. పాలల్లో నీళ్లు పొయ్యలేదని మీరూ చెయ్యండి. నేనొక్కడినే ఎందుకు తడవాల?"

మహితా, అప్పటిదాకా ముందుకు తోసుకున్నవాళ్లు ఒక్కొక్క అడుగే వెనక్కి వేశారు.

మొదట ఒకామెకు పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన సంగతి గుర్తుకొచ్చింది. ఇంకొకామె, "ఇంత సిన్న దానికి స్వామిని కష్టపెట్టేది ఏం బాగుంటాదబ్బా?" అంది. మూడో ఆమె చెప్పులు ఎక్కడ విడిచిందో వెతకడానికి పోయింది. ఆదిలక్ష్మమ్మ చేతులు విప్పింది. కొంగు సర్దుకుంది. "మునిప్రసాదు నోటి మాట సాలదా మనకు? సొంతోడు గదా! ఈ ప్రమాణాలు పెట్టమనింది ఎవురు అసలు?" అని మమ్మల్నే కసిరింది.

"నువ్వే" అన్నాను నేను.

"నేను ఊరికే అన్నానక్కా. నువ్వెందుకు పట్టించుకున్నావు?"

చివరికి ఎవరూ ఏ ప్రమాణమూ చేయలేదు. ప్రసాదం మాత్రం అందరూ రెండేసి సార్లు తీసుకున్నారు. వ్యాను ఎక్కబోతూ నేను మునిప్రసాద్ దగ్గరికి వెళ్లాను. నలుగురి ముందు అనిపించుకున్నవాడు కాబట్టి నలుగురి ముందే చెప్పాలనిపించింది. "మరిదీ, ఆ ఉత్తరం చదివిన నోరు నాది. తెలుగు నాకు వచ్చని అనుకున్నాను. రాదు. రేపు కేంద్రానికి రా" అన్నాను. అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "వస్తాలే వదినా. పాస్‌వర్డు కూడా చెప్తా, రాసుకో. ఇంకెప్పుడూ దాస్కోను" అని అందరికీ వినపడేలా చెప్పాడు: "నీళ్లుకలపాకండి. ఇంగిలీసు అక్షరాల్లో, మధ్యలో జాగా లేకుండా."

వ్యానులో ముందు ఎవరు నవ్వారో తెలియదు. పాకాల వచ్చేదాకా ఎవరూ ఆపలేకపోయారు. ఆదిలక్ష్మమ్మ కూడా.

మర్నాడు పొద్దున అదే పాత కంప్యూటరు, అదే దొంగ విండోస్, అదే మునిప్రసాద్. వెన్న శాతం అందరికీ పెరిగింది. కొత్తది కొనకముందే, నీ లినక్సూ మ్యాకూ లేకుండానే పెరిగింది.

నువ్వు మళ్లీ రా. ఈసారి జామకాయ నేనే ఇస్తాను.

అత్త.

*

శ్రీ సిటీ,
8 జూన్ 2025.

అత్తా,

నీ ఉత్తరం రూపశ్రీకి చదివి వినిపించాను. రాగంతోనే. పాస్‌వర్డ్ దగ్గర ఆమె మంచం మీంచి జారి కింద పడింది, దాంతో మాటలు కలిశాయి.

చివరికి ఏం కొన్నారు? లినక్స్ కాదని తెలుసు, పచ్చిగా చెప్పు, తట్టుకుంటాను. ఒక్కటి మాత్రం అడగాలి. మామ నాకు ఫోన్ చేసి "పాపా, టెర్మినల్ అంటే ఏంది?" అన్నాడు. అది లినక్స్ వాడేవాళ్ల మాట, ఎవరిదో రాంగ్ నంబరు అనుకున్నాను. ఏం జరుగుతోంది అక్కడ?

మహిత.

*

చింతమాకులపల్లె,
17 జూన్ 2025.

మహితా,

పచ్చిగా చెప్తున్నాను. విండోసే కొన్నాం. పాల సాఫ్ట్‌వేర్ దానిలోనే నడుస్తుంది కాబట్టి వేరే దారి లేదు. కానీ ఈసారి అసలుది. మునిప్రసాద్ దాని బిల్లుకు ఫ్రేము కట్టించి గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించాడు. కేంద్రంలోకి ఎవరొచ్చినా ముందు దాన్ని చూపిస్తాడు. "ఇది దొంగది కాదు" అంటాడు. నేను నేల చూపులు చూస్తాను.

పాత కంప్యూటరును అతనే ఇంటికి తీసుకుపోయాడు. నువ్వు మరిచిపోయి వెళ్లిన పెన్‌డ్రైవ్‌తో అందులో లినక్స్ వేసుకున్నాడు. పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి పోయిందని ఆదిలక్ష్మమ్మ తిట్టింది చూడు, సరిగ్గా ఆ మాటకే అతనికి దాని మీద మనసైంది. ఇప్పుడు డిస్కుకు తాళం ఎలా వేయాలో నేర్చుకుంటున్నాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లను ఆపి, "వంటగదికి తలుపే లేదబ్బా దీనికి!" అని చెప్తున్నాడు. నీ పోలికే. నీ పేరు మాత్రం చెప్పడు. నీ మీద ప్రేమ తగ్గి కాదు, తనకే తట్టినట్టు ఉంటుందని. వాళ్లావిడ ఇల్లు వదిలి పుట్టింటికి పోతానంటోంది. టెర్మినల్ అంటే ఏమిటో త్వరగా చెప్పి కాపురం నిలబెట్టు.

ప్రైవేటు వ్యాను రావడం మానేసింది. పోయినవాళ్లు ఒక్కొక్కరే మా దగ్గరికి తిరిగొచ్చారు. ఏమీ జరగనట్టే క్యాను పెట్టారు, మేమూ ఏమీ జరగనట్టే పోయించుకున్నాం. చిల్లింగ్ సెంటర్ వాళ్లు కూడా మర్యాదగా మాట్లాడుతున్నారు.

కొత్త కంప్యూటరు వచ్చాక తెర ఎటు పెట్టాలో మీటింగులో చర్చ జరిగింది. మునిప్రసాద్ తనే పట్టుబట్టి దాన్ని ఆడవాళ్ల వైపు తిప్పించాడు. తాను మెడ వంచి పక్క నుంచి చూసుకుంటాడట. అంకెలు పెద్దవి చేశాడు, వీధిలోంచి కూడా కనపడతాయి. ఎవరి పాలు పోస్తే వారి వెన్న, అందరి ముందూ.

నిన్న సాయంత్రం ఆదిలక్ష్మమ్మ వంతు వచ్చింది. పాలు పోసింది. మిషను కాసేపు గురగురమంది. తెర మీద అంకె వచ్చింది. చాలా చిన్న అంకె. వెనక నిలబడ్డవాళ్లంతా చూశారు. మునిప్రసాద్ చీటీ చించి రెండు చేతులా ఆమెకు అందించాడు.

ఆమె చీటీ చూసింది, తెర చూసింది, మళ్లీ చీటీ చూసింది. ఖాళీ క్యాను చంకన పెట్టుకుని, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగింది.

"అక్కా, సూడ్డానికి బాగుండాది. పని బాగా చేస్తాది. నీ కోడలి పిల్ల అడిగితే రాయి" అంది. "మనకు దాని మీద నమ్మకం కుదిరినా, దానికే మన మీద నమ్మకం లేదు."

రాశాను.

సిద్ధమ్మత్త.